సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఫిజిక్స్‌లో ఏ1 ఎక్కడ ఆగుతుందో లెక్కవేసుకోవడం ఎలా

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి మార్కుల షీట్‌లో ప్రతి సబ్జెక్టు వరుసకీ కుడి చివర ఒక గడి ఉంటుంది. దాని పేరు పొజిషనల్ గ్రేడ్. ఏటా మా పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను ఎక్కువగా అడిగేది ఆ గడి గురించే. "మేడమ్, 90 వస్తే ఏ1 పోయినట్టేనా?" అని. ఆ పేరులోని మొదటి మాట చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. అది మార్కుకి ఇచ్చే గ్రేడ్ కాదు, స్థానానికి ఇచ్చే గ్రేడ్.

నేను విశాఖపట్నంలో పదకొండు, పన్నెండు తరగతులకి ఫిజిక్స్ చెబుతాను. అంతకుముందు ఇంటర్ పిల్లలకి చెప్పాను. మన ఇళ్లలో "ఏ1 అంటే 91" అన్న లెక్క ఎందుకు నాటుకుపోయిందో నాకు తెలుసు. పదో తరగతికి గ్రేడ్లు ఇచ్చిన రోజుల్లో అదే లెక్క. సీబీఎస్‌ఈలో తొమ్మిదో తరగతి దాకా స్కూలు ఇచ్చే గ్రేడుకీ అదే లెక్క. పన్నెండో తరగతి బోర్డు పరీక్షకి మాత్రం అది చెల్లదు. ఇక్కడ ఆ సబ్జెక్టులో పాసైన వాళ్లందరినీ మార్కుల వరుసలో నిలబెట్టి ఎనిమిది సమాన భాగాలు చేస్తారు. మొదటి భాగం ఏ1, రెండోది ఏ2, తర్వాత బీ1, బీ2, అలా డీ2 వరకు. తప్పినవాళ్లు ఈ వరుసలోకే రారు. అంటే కటాఫ్ ఎంత అని అడగడమంటే, పైనుంచి ఎనిమిదో వంతు పూర్తయ్యే చోట నిలబడ్డ విద్యార్థి మార్కు ఎంత అని అడగడమే. పేపర్ సులువైతే ఆ మార్కు 91 దాటిపోవచ్చు, కష్టమైతే కిందికి దిగవచ్చు.

సరిహద్దు మార్కు దగ్గర ఒకే మార్కు వచ్చినవాళ్లు వేలల్లో ఉంటారు కదా, వాళ్లనేం చేస్తారు? ఒకే మార్కుకి రెండు గ్రేడ్లు ఇవ్వరు. గీత ఆ గుంపు మధ్యలోంచి వెళ్తే, చిన్న ముక్క పెద్ద ముక్కతో కలిసిపోతుంది. ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి నేను పెట్టుకున్న అంకెలే. ఎనిమిది లక్షల మంది పాసయ్యారనుకోండి. ఏ1 కి లక్ష మంది. 93, ఆపైన వచ్చినవాళ్లు 98 వేలు. 92 వచ్చినవాళ్లు 7 వేలు. లక్ష పూర్తి కావాలంటే వీళ్లలో 2 వేల మంది చాలు, 5 వేల మంది గీతకి కింద ఉంటారు. కింది ముక్క పెద్దది కాబట్టి 92 వాళ్లందరికీ ఏ2 వస్తుంది. అదే 92 దగ్గర 3 వేల మందే ఉంటే పైముక్క 2 వేలు, కిందిముక్క వెయ్యి. అందరికీ ఏ1. పై మార్కులు ఒక్కటీ మారకుండానే కటాఫ్ 93 నుంచి 92 కి వచ్చింది. అందుకే ఎవరైనా "ఈసారి కచ్చితంగా 92" అని ఒకే అంకె చెబితే నమ్మకండి. రెండు మూడు మార్కుల వెడల్పు ఉన్న అంచనాయే నిజాయితీ అయిన అంచనా.

ఇక పని మొదలుపెడదాం. ముందు మీ మార్కు. థియరీ 70. ఇటీవలి నమూనాలో 33 ప్రశ్నలు: ఒక మార్కువి 16, రెండు మార్కులవి 5, మూడు మార్కులవి 7, నాలుగు మార్కుల కేస్ స్టడీలు 2, అయిదు మార్కులవి 3. పేపర్ కోడ్ 55 తో మొదలవుతుంది. పక్కవాడి సెట్ వేరే కావచ్చు, కాబట్టి మీ పేపరే ముందు పెట్టుకోండి. పాత సంవత్సరాల మార్కింగ్ స్కీమ్‌లు సీబీఎస్‌ఈ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఒకటి తెరిచి, అయిదు మార్కుల ప్రశ్నని అరమార్కు, ఒక మార్కు ముక్కలుగా ఎలా విడదీశారో చూడండి. తర్వాత మీ జవాబుని అలాగే విడదీయండి.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో వినండి. ఒక ఏడాది మా క్లాసు అమ్మాయి పరీక్ష అయిన రెండోరోజే వచ్చింది. పేపర్ నాలుగు మడతలు పెట్టి ఉంది, ప్రతి ప్రశ్న పక్కనా పెన్సిల్‌తో మార్కులు వేసుకుంది. కలిపితే 58. "ఏ1 ఈసారి 95 దగ్గర ఆగుతుందట మేడమ్, ఫోన్లో అందరూ అంటున్నారు" అంది. ముఖం పీక్కుపోయింది. కెమిస్ట్రీ పరీక్ష ఇంకా ముందుంది, పుస్తకం తెరవలేదు. ల్యాబ్‌లో కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నా చూశాను. ఎల్‌సీఆర్ సర్క్యూట్ మీద అయిదు మార్కుల ప్రశ్నకి సున్నా వేసుకుంది. ఎందుకంటే మైక్రోఫారడ్‌ని ఫారడ్‌లోకి మార్చేటప్పుడు 10 ఘాతం మైనస్ 6 బదులు మైనస్ 3 వేసిందట, చివరి జవాబు తప్పు. కానీ ఫేజర్ పటం గీసింది, ఇంపిడెన్స్ సూత్రం రాబట్టింది, సూత్రంలో విలువలు వేసింది. అడుగడుక్కీ మార్కు ఉంటుంది. నా లెక్కలో దానికి మూడున్నర. సున్నా ఎందుకు వేసుకున్నావమ్మా అంటే, "జవాబు తప్పు కదా" అంది. బాగా చదివే పిల్లలు తమ మీద ఇలా కఠినంగా ఉంటారు. ధీమాగా ఉండే పిల్లలు దీనికి పూర్తిగా తలకిందులుగా, సగం రాసిన డెరివేషన్‌కి పూర్తి మార్కు వేసుకుంటారు. ఎటూ తప్పకుండా ఉండాలంటే మీ జవాబులకి మీ స్నేహితుడు మార్కులు వెయ్యాలి, అతని జవాబులకి మీరు వెయ్యాలి.

ప్రాక్టికల్స్ మార్కు ఫలితాల దాకా తెలియదు. 30 లో రెండు ప్రయోగాలకి ఏడేసి, రికార్డుకి 5, యాక్టివిటీకి 3, ప్రాజెక్టుకి 3, వైవాకి (నోటి ప్రశ్నలకి) 5. ఏ1 కోసం పోటీపడే పిల్లలకి నా అనుభవంలో ఇందులో ఒకటి రెండు మార్కులకి మించి పోవు. ప్రయోగం పూర్తి చేసి వైవాలో తడబడితే 28, లేకపోతే 29 అని వేసుకోండి. అసలు తేడా 70 లోనే తేలుతుంది.

ఇప్పుడు కటాఫ్. నేను రెండు దారుల్లో లెక్కవేస్తాను, రెండూ ఒక చోటికి వస్తేనే నమ్ముతాను.

మొదటి దారి పాత మార్కుల షీట్లు. నిరుడు పాసైన సీనియర్లలో ఫిజిక్స్‌కి ఏ1 వచ్చిన అతి తక్కువ మార్కు ఎంత, ఏ2 వచ్చిన అతి ఎక్కువ మార్కు ఎంత అని అడగండి. ఆ రెండూ పక్కపక్క అంకెలైతే నిరుటి కటాఫ్ మీ చేతికి వచ్చినట్టే. దేశమంతటికీ అదే గీత కాబట్టి మీ స్కూలు పిల్లలైనా, పక్క ఊళ్లో చదివే మీ పెద్దమ్మ కొడుకైనా ఒకటే. మధ్యలో ఖాళీ ఉంటే ఇంకా షీట్లు వెతకండి. నూటికి ఎంత వచ్చిందన్నదే కాదు, దాని పక్కన ఏ గ్రేడు ఉందో కూడా చూసి రాసుకోండి. "నాకు తొంభై పైన వచ్చింది, ఏ1 అనుకుంటా" అన్న మాట లెక్కలోకి తీసుకోవద్దు.

తర్వాత ఈ ఏటి పేపర్ ఎంత బరువో తూచాలి. "చాలా కష్టంగా ఉంది" అన్న మాటతో తూకం కుదరదు. నేను జనవరిలో నిరుటి బోర్డు పేపర్‌ని మూడు గంటలు గడియారం పెట్టి రాయిస్తాను. క్లాసులో పైవరుస పిల్లలు అయిదారుగురి మార్కులు పక్కన పెట్టుకుంటాను. అసలు పరీక్ష అయ్యాక అదే పిల్లల అంచనా మార్కులు చూస్తాను. సగటున రెండు మార్కులు తగ్గితే కటాఫ్ కూడా సుమారు రెండు తగ్గుతుందని అనుకుంటాను. కష్టం ఎక్కడ వచ్చిందన్నది కూడా చూడాలి. అయిదు మార్కుల ప్రశ్నలు మూడింటికీ ఛాయిస్ ఉంటుంది, కాబట్టి అక్కడ ఒక ప్రశ్న బిగుసుకున్నా పైవరుస పిల్లలు రెండోది రాసి బయటపడతారు. ఛాయిస్ లేని ఒక మార్కు ప్రశ్నలు, అందులోనూ అసర్షన్-రీజన్ ప్రశ్నలు (ఒక వాక్యం, దానికి ఒక కారణం ఇచ్చి అవి సరైనవేనా అని అడిగేవి) మెలికపడితే వాళ్లకీ మార్కు జారుతుంది. కటాఫ్‌ని నిజంగా కిందికి లాగేవి అవే.

రెండో దారి నాకు ఇంకా ఇష్టం, ఎందుకంటే పేపర్ కష్టసుఖాలతో దానికి పని లేదు. మార్కు ఏటా మారుతుంది, క్లాసులో వరుస అంతగా మారదు. మీ టీచర్‌ని అడిగి గత మూడేళ్లలో క్లాసులో ఎంతమందికి ఫిజిక్స్‌లో ఏ1 వచ్చిందో తెలుసుకోండి. 40 మందిలో 9, 42 మందిలో 11, 38 మందిలో 8 అనుకుందాం. మూడేళ్లవీ కలిపితే 120 కి 28, అంటే వందకి 23 మంది. ఈసారి క్లాసులో 41 మంది ఉంటే తొమ్మిదో, పదో విద్యార్థి దగ్గర గీత పడుతుంది. ప్రీ-బోర్డులో (బోర్డు పరీక్షకి ముందు స్కూలు పెట్టే నమూనా పరీక్షలో) ఆ స్థానాల చుట్టూ ఉన్న నలుగురిని పట్టుకుని వాళ్ల బోర్డు అంచనా అడగండి. వాళ్లు 62, 63 అంటే, ప్రాక్టికల్స్ 29 కలిపి 91, 92. మొదటి దారిలో నిరుడు 93 ఉండి ఈసారి రెండు తగ్గిందనుకుంటే 91. రెండూ కలిశాయి. అప్పుడు "90 నుంచి 93 మధ్య" అని రాసిపెట్టుకుంటాను. రెండు దారుల మధ్య నాలుగు మార్కుల తేడా వస్తే ఎక్కడో తప్పు లెక్క ఉందని మళ్లీ మొదటికి వెళ్తాను. చాలాసార్లు తప్పు ప్రాక్టికల్స్ కలపడంలోనే దొరుకుతుంది.

ఫోన్ గ్రూపుల్లో తిరిగే అంకెలు ఎప్పుడూ ఎక్కువగానే ఉంటాయి. పరీక్ష బాగా రాసినవాడు ఆ సాయంత్రమే 67 అని పెడతాడు, 52 వచ్చేవాడు నోరు మెదపడు. జేఈఈ కోచింగ్ గ్రూపు అయితే ఉన్నదే పైవరుస. మన దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. 2025 లో సీబీఎస్‌ఈ పన్నెండో తరగతిలో దేశం మొత్తం మీద 88.39 శాతం పాసైతే, మన విజయవాడ రీజియన్ 99.60 శాతంతో అందరికన్నా ముందుంది. చుట్టూ అందరూ పాసవుతున్న చోట కూర్చుని దేశం మొత్తాన్ని ఊహిస్తే, గీత ఉన్నదానికన్నా పైన కనిపిస్తుంది. మన క్లాసులో నలుగురిలో ఒకరికి ఏ1 వస్తుందంటే, ఎనిమిదో వంతు కన్నా తక్కువమందికి వచ్చే క్లాసులు ఇంకెక్కడో ఉన్నాయనే అర్థం.

ఈ పనికి ఎంత సమయం ఇవ్వాలి? ఒక గంట, అదీ చివరి పరీక్ష అయ్యాకే. ఎన్‌ఐటీల కోసం జేఈఈ వాళ్లు చూసే 75 శాతం (ఎస్సీ, ఎస్టీలకి 65), లేదా టాప్ 20 పర్సంటైల్ అన్న నిబంధన మొత్తం మార్కుల మీద ఉంటుంది, ఫిజిక్స్ గ్రేడు మీద కాదు. కెమిస్ట్రీలో రెండు మార్కులు పోగొట్టుకుని ఫిజిక్స్ కటాఫ్ పట్టుకుంటే మీకు మిగిలేదేమీ ఉండదు. ఆ అమ్మాయిని కూడా ఆ రోజు, "కలిపితే అరవై ఒకటిన్నర, ప్రాక్టికల్స్ కలిపితే 90 దాటుతుంది, ఇక పేపర్ నాకివ్వు" అని తీసుకుని బీరువాలో పెట్టేశాను. పరీక్షలన్నీ అయ్యాకే తిరిగిచ్చాను.

ఫలితాల రోజు డిజిలాకర్ తెరవగానే ఒక చిన్న పని చెయ్యండి. థియరీ, ప్రాక్టికల్, మొత్తం, గ్రేడు, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి మీ ఫిజిక్స్ టీచర్‌కి ఇవ్వండి. పేరు అక్కర్లేదు. మా ల్యాబ్ బీరువా తలుపు లోపలివైపు ఏడాదికొక కాగితం అంటించి ఉంటుంది. ఏ1 లో అతి తక్కువ మార్కు, ఏ2 లో అతి ఎక్కువ మార్కు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి ఉంటాయి. జూనియర్లు జనవరిలో వచ్చి ముందుగా చూసేది ఆ రెండు అంకెలనే.