టైరు గాలి హెచ్చరిక దీపం – మూడవ పాఠం: తప్పు సెన్సర్‌దా, వాల్వుదా?

గత పాఠంలో చల్లగా ఉన్న టైరులో గాలి కొలవడం నేర్చుకున్నాం. ఈసారి, గాలి సరిగా పట్టించినా మళ్లీ మళ్లీ వెలిగే పసుపుపచ్చ దీపం సంగతి చూద్దాం. టైరు లోపల ఉండి గాలిని కొలిచి బండికి తెలిపే సెన్సర్ ఖరీదైన వస్తువు కనుక అందరి అనుమానమూ ముందు దాని మీదికే పోతుంది. నా అనుభవంలో మాత్రం ముందుగా చూడవలసింది దాన్ని మోస్తున్న వాల్వునే.

బండి స్టార్ట్ చేసి దీపాన్ని ఒకటిన్నర నిమిషం గమనించండి. మొదటి నుంచీ నిలకడగా వెలిగితే ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని అర్థం. నిమిషానికి పైగా మినుకుమినుకుమని ఆ తరువాత నిలకడగా వెలిగితే, చాలా బండ్లలో అది వ్యవస్థలోనే లోపం ఉన్నదనడానికి గుర్తు. జనవరిలో హైదరాబాద్ తెల్లవారుజామున వెలిగి మధ్యాహ్నానికి ఆరిపోతే సెన్సర్‌ను తిట్టకండి. ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు తగ్గితే గాలి ఒక పీఎస్ఐ మేర తగ్గుతుంది కనుక, ఆ టైరులో గాలి అప్పటికే అంచున ఉన్నదన్నమాట.

గాలి నిజంగానే తగ్గుతున్నదని తేలి, టైరు తొక్కులో మేకు కనబడనప్పుడు, వాల్వు మూత తీసి సబ్బు నురుగు పూయండి. పంక్చర్ షాపులో కుర్రవాడు వేలికొసతో ఉమ్మి అద్ది చూస్తాడే, సూత్రం అదే. నోటి దగ్గర బుడగ ఉబ్బితే లోపలి పిన్ను వదులైంది, లేదా దాని రబ్బరు అరిగింది. మెల్లగా బిగించి చూసి, ఆగకపోతే మార్చాలి, అది చిన్న ఖర్చు. కాడ మొదట్లో, అంటే వాల్వు గొట్టం రిమ్ములోకి దిగే చోట, చూడడమే అసలు పని. రబ్బరు కాడను వేలితో కొంచెం పక్కకు వంచండి: నిటారుగా ఉన్నప్పుడు మూసుకుని ఉన్న సన్నని పగుళ్లు వంచగానే నోరు తెరుస్తాయి, నురుగు చిటపటలాడుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు చక్రం తిరిగే బలానికి కాడ తానే అలా వంగుతుంది. ఇంటి దగ్గర నిలిచిన బండిలో తగ్గని గాలి ప్రయాణంలో తగ్గడానికి ఇదొక కారణం. పగిలిన కాడకు అతుకు లేదు, మార్చవలసిందే.

అల్యూమినియం కాడది వేరే రోగం. అందులో మామూలు ఇత్తడి పిన్ను వేసినా, పైన ఇత్తడి మూత బిగించినా, వాన నీటి తడికి రెండు లోహాల మధ్య తుప్పు పుట్టి తెల్లని పొడి పేరుకుని మర బిగుసుకుపోతుంది. ఒకసారి నేను అందానికని వేయించిన మెరిసే మూత రెండు వానాకాలాల తరువాత రానే లేదు. ఒక దుకాణంలో పట్టకారుతో తిప్పితే కాడ విరిగి, గాలి ఒక్కసారిగా పోయింది, సెన్సర్ కూడా పనికిరాకుండా పోయింది. అప్పటి నుంచి నికెల్ పూత పిన్నూ, ప్లాస్టిక్ మూతా తప్ప మరొకటి వాడలేదు. టైరు విప్పిన ప్రతిసారీ రబ్బరు వాషరు, నట్టు, పిన్ను కొత్తవి వేయించి, తయారీదారు చెప్పినంత బలంతోనే బిగించాలి.

ఇవన్నీ బాగుండి దీపం ఇంకా మినుకుమంటుంటే అప్పుడు సెన్సర్‌ను అనుమానించవచ్చు. లోపలి లిథియం బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. దాన్ని సెన్సర్‌తో కలిపి ఒకే ముద్దగా మూసేస్తారు కనుక బ్యాటరీ ఒక్కటే మార్చడం కుదరదు. నాలుగూ ఒకే రోజు పుట్టినవి కాబట్టి ఒకటి పోతే తక్కినవీ వరుసలో ఉన్నట్టే. కొత్తది కొనేటప్పుడు రేడియో తరంగం చూడండి: మన దేశంలో వాడేది 433 మెగాహెర్ట్జ్, అమెరికా బండ్లలో ఎక్కువగా 315; ఒకదాని మాట మరొకదానికి వినబడదు. బిగించాక బండి దాన్ని గుర్తించేలా నమోదు చేయించాలి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) కొలిచే చక్రవేగాన్ని బట్టి గాలిని అంచనా వేసే బండ్లలో మాత్రం టైరు లోపల సెన్సరే ఉండదు. వాటిలో గాలి పట్టించి రీసెట్ చేస్తే చాలు.

ఈ వారం అభ్యాసం: నాలుగు వాల్వుల మూతలూ తీసి, లోహం ఏదో గుర్తించి, ప్రతి కాడ మొదట్లోనూ నురుగు పెట్టి చూడండి. టైరు విప్పించవలసి వస్తే, యంత్రపు రెక్కను వాల్వు దగ్గర పెట్టవద్దని ముందే చెప్పండి. రెక్క ఎక్కడ పెట్టాలో వచ్చే పాఠంలో.