కిచెన్ గట్టుకి టైల్స్ వేయిస్తున్నారా, ముందు ఇవి చూసుకోండి

మన నెల్లూరు, ఒంగోలు సైడు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే కదా, తుఫాన్ పట్టిందంటే నాలుగు రోజులు గోడలు చెమ్మ వదలవు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, అందుకని గట్టు పని ఏదన్నా ఉంటే సెప్టెంబర్‌లోనే కానిచ్చేయండి. అట్లాగని రోహిణి కార్తెలో మాత్రం పెట్టుకోబాకండి, ఆ వేడికి టైల్స్ అతికించే గమ్ పూసిన కాసేపటికే పైన పొర కట్టేసి టైల్‌ని పట్టుకోదు.

పక్కనే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకి పోతుంటే నీకు టైల్స్ ఏందబ్బా అని మా బావ నవ్వాడు. గట్టు మొత్తం పగలగొట్టి కొత్తగా కట్టేవాళ్ళకైతే ఆయన మాటే కరెక్టు, అతుకులు తక్కువ. మా ఇంట్లోలాగా పాత కడప బండ గట్టిగానే ఉండి పైన మాత్రం మచ్చలు పడుంటే టైల్స్‌తో సరిపోతుంది. కాకపోతే మేం మొదటిసారి మేస్త్రి చెప్పాడని ఆ నున్నటి బండ మీద ఉత్త సిమెంట్‌తో విట్రిఫైడ్ టైల్స్ అతికించేశాం. ఆ టైల్ నీళ్ళు పీల్చదు, కింద బండేమో ఏళ్ళ తరబడి నూనె జిడ్డు పట్టి ఉంది, ఇంక సిమెంట్ దేన్ని పట్టుకుంటుంది, ఆర్నెల్లకి స్టవ్ పక్కన రెండు టైల్స్ పైకి లేచినాయి.

కాబట్టి ముందు బండ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి చూడండి, కదిలితే టైల్స్ మాట మర్చిపోయి కింద సపోర్టు సరిచేయించండి. కదలకపోతే జిడ్డు మొత్తం కడిగించి, గ్రైండర్‌తో గాట్లు పెట్టించి, దుమ్ము తుడిచి అప్పుడు టైల్ గమ్ వాడండి. గమ్ సంచి మీద రాసిన కొలత ప్రకారమే నీళ్ళు పోయాలి, అదీ ఉప్పు బోరు నీళ్ళు కాదు, మంచినీళ్ళు. గమ్‌తో వేసేటప్పుడు టైల్స్ నానబెట్టే పనే లేదు, పాత అలవాటుకొద్దీ మేస్త్రి బకెట్‌లో వేస్తుంటే ఆపండి. గట్టు ఎత్తు పెరుగుతుంది కాబట్టి సింక్ అంచు, కుళాయి, ప్లగ్ పాయింట్ ముందే చూసుకోండి, వాలు సింక్ వైపే ఉండాలి.

పని మొదలెట్టకముందే సిలిండర్‌ని రెగ్యులేటర్ తీసి బయట పెట్టేయండి, కటింగ్ మెషిన్ నిప్పురవ్వలు మామూలుగా ఉండవు. కోత ఇంట్లో వద్దు, పెరట్లో పెట్టించండి. పొడిగా కోస్తే వచ్చే దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, నీళ్ళు పోస్తూ కోయాలి, నీళ్ళు పోస్తే మళ్ళీ కరెంటు భయం, అందుకని నీటితో కోసే మెషినే ఉండాలి, వైరుకి అతుకులు ఉండకూడదు, ఎర్త్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్, కాలికి చెప్పులు, కంటికి అద్దాలు. ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్, లేని ఇల్లయితే ముందు అది పెట్టించుకోండి.

నన్నడిగితే అసలు గొడవంతా జాయింట్ల దగ్గరే. మన చేపల పులుసు ఒక్కసారి ఒలికిందంటే చాలు, చింతపండు పులుపు టైల్స్ సందుల్లో నింపే సిమెంట్ గ్రౌట్‌ని కొంచెం కొంచెంగా తింటది, పసుపు మరక ఇంక వదలదు. టైల్స్‌లో మిగుల్చుకుని అయినా సరే గట్టు మీద మాత్రం ఎపాక్సీ గ్రౌట్ (సిమెంట్‌తో కాకుండా రెజిన్‌తో చేసింది) వేయించండి. టైల్స్ వేసినాక ఒకరోజు ఆరనిచ్చి అప్పుడు నింపాలి, చేతికి గ్లౌజులు ఉండాలి, టైల్ మీద అంటింది వెంటనే తుడవాలి, గట్టిపడితే రాదు. గోడా గట్టూ కలిసే మూల మాత్రం సిలికాన్‌తో మూయండి, అక్కడ గ్రౌట్ పగులుద్ది. ఆ రెండు మూడు రోజులు స్టవ్ వరండాలోకి మార్చుకోండి, మా అమ్మలాగా పక్క టైల్ మీద రోలు పెట్టి పచ్చడి నూరబాకండి.

ఒక నాలుగు టైల్స్ ఎక్కువే కొని అటక మీద పెట్టుకోండి, తర్వాత అదే షేడ్ దొరకదు. మేస్త్రికి చివరి డబ్బులు ఇచ్చే ముందు రూపాయి బిళ్ళతో ప్రతి టైలూ, నాలుగు మూలలూ కొట్టి వినండి, ఎక్కడ డొల్ల శబ్దం వస్తే అక్కడ లోపల ఖాళీ, అప్పుడే తీయించి మళ్ళీ వేయించండి. మొదటిసారి మేం కొట్టి చూళ్ళా.