అసీర్తికో సీసా తెరిచే ముందు

గ్రీసు దీవి శాంటోరిని వెళ్లొచ్చినప్పుడు అక్కడి తెల్ల వైన్ అసీర్తికో రెండు సీసాలు తెచ్చుకున్నాం. మొదటిదాన్ని మా ఆయన బీరులా చూశారు. గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి, నీళ్ల గ్లాసుల్లో అంచుదాకా పోశారు. ఉప్పేసిన నిమ్మకాయ నీళ్లలా ఉంది తప్ప ఇంకేం తెలియలేదు. ఆ దీవిలో కూర్చుని తాగింది ఇదేనా అని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండో సీసా బాధ్యత నేను తీసుకున్నాను.

ముందు కొనడం. లేబుల్ మీద అసీర్తికో అని ఉంటే చాలదు, అది ద్రాక్ష రకం పేరు. ఇప్పుడు గ్రీసులో చాలాచోట్ల వేస్తున్నారు. శాంటోరిని అన్న పేరూ, పీడీఓ (ఆ ప్రాంతంలోనే తయారైందని చెప్పే ముద్ర) అన్న అక్షరాలూ ఉన్నాయో లేదో చూడండి. అందులో ఎక్కువ భాగం అసీర్తికోనే, కొందరు అథిరి, ఐదాని రకాలు కాస్త కలుపుతారు. విన్సాంటో అని ఉంటే పక్కన పెట్టండి, అది ఎండబెట్టిన ద్రాక్షతో చేసే తీపి వైన్. మనం వెతికేది డ్రై, అంటే తీపి లేనిది. నిక్తేరి అంటే పీపాలో మగ్గినది, కాస్త బరువు. మొదటిసారికి వద్దు.

ధర చూస్తే గుండె గుభేల్మంటుంది. తోట చూశాక నేను బేరం మాట మానేశాను. అక్కడ తీగల్ని పందిరికి పాకించరు. నేల మీదే గుండ్రంగా చుట్టి బుట్టలా అల్లుతారు, దాన్ని కులూరా అంటారు. ఈడ్చి కొట్టే గాలికి గుత్తులు ఆ బుట్ట లోపల దాక్కుంటాయి. దూరం నుంచి చూసి, ఎవరో గంపలు పారేసి పోయారనుకున్నా. వాన అంతంతమాత్రం, రాత్రిళ్లు సముద్రం మీంచి వచ్చే తేమే దిక్కు. నేలంతా అగ్నిపర్వతం బూడిద, ప్యూమిస్ రాయి. 19వ శతాబ్దంలో యూరప్ ద్రాక్షతోటల్ని తినేసిన ఫిలాక్సెరా పురుగు ఆ మట్టిలో బతకలేదు. అందుకే అక్కడి తీగలు అంటు కట్టకుండా ఇప్పటికీ సొంత వేళ్ల మీదే ఉన్నాయి. కాపు మాత్రం చాలా తక్కువ.

ఇంటికి తెచ్చాక వంటింటి అటక మీద పెట్టకండి. మన మే నెల ఎండకు ఏ వైనైనా ఉడికిపోతుంది. ఫ్రిజ్ కింది అరలో పడుకోబెడితే కార్కు ఎండదు.

తాగే రోజు పోయడానికి ఇరవై నిమిషాల ముందు బయటికి తీయండి. హైదరాబాద్ వేసవిలో పది నిమిషాలు చాలు. 10 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటే బాగుంటుంది. థర్మామీటర్ ఎందుకు, సీసా పట్టుకుంటే చల్లగా ఉండాలి, వేళ్లు జివ్వుమనకూడదు. ఐసు వేస్తే నా ముందు వేయకండి. కాస్త పెద్ద గ్లాసులో మూడోవంతే పోసి తిప్పండి. మొదట నిమ్మతొక్క వాసన, ఆ తర్వాత తడి రాయి, చివర్లో నాలుక మీద ఉప్పదనం. ఈ చివరిదే మా ఫ్రీజర్ సీసాలో చచ్చిపోయింది.

పక్కన ఏం పెట్టాలి? అక్కడ ఫావా పెడతారు. చూస్తే అచ్చం మన ముద్దపప్పే, నెయ్యికి బదులు ఆలివ్ నూనె, పైన పచ్చి ఉల్లిపాయ. ఇంట్లో నేను ముద్దపప్పుతోనే పెట్టాను, బాగా కుదిరింది. ఉప్పు, మిరియాలు, నిమ్మరసం పట్టించి పెనం మీద కాల్చిన చందువా ఇంకా బాగుంది. చేపల పులుసు, గోంగూర రొయ్యలు మాత్రం వద్దు. ఈ వైన్‌లో ఆల్కహాల్ 13, 14 శాతం ఉంటుంది, దానికి మన కారం తోడైతే నోరు మండిపోతుంది.

సీసా ఒక్కరోజులో ఖాళీ చేయాలన్న టెన్షన్ వద్దు. మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మర్నాడు పులుపు కాస్త సర్దుకుని మరింత బాగుంటుంది. మాది రెండో రోజుకి సగం మిగిలింది. ఇంకో చందువా తెమ్మని ఆయన్నే పంపాను.