పెద్ద టైర్లకు తగిన యాక్సిల్ గేర్ నిష్పత్తిని ఎంచుకోవడం

చక్రాల ఇరుసు (యాక్సిల్) మధ్య ఉండే గేర్ పెట్టె అయిన డిఫరెన్షియల్‌లో, పెద్ద గేరైన క్రౌన్ వీల్ పళ్ల సంఖ్యను దాన్ని తిప్పే చిన్న గేరైన పినియన్ పళ్ల సంఖ్యతో భాగిస్తే యాక్సిల్ నిష్పత్తి వస్తుంది. క్రౌన్ వీల్‌కు 41, పినియన్‌కు 11 పళ్లు ఉంటే అది 3.73, అంటే చక్రాలు ఒక చుట్టు తిరగడానికి, యాక్సిల్‌కు ఇంజిన్ బలాన్ని తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.73 చుట్లు తిరగాలి. పెద్ద టైరు ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది కాబట్టి, నిష్పత్తిని మార్చకపోతే అదే వేగం వద్ద ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎమ్‌లో (నిమిషానికి తిరిగే చుట్లు) నడుస్తూ, తగినంత బలం అందకముందే బరువును లాగవలసి వస్తుంది. మాన్యువల్ వాహనంలో దీని భారం క్లచ్ మీద పడుతుంది. ఆటోమేటిక్‌లో చిన్న ఎత్తు వచ్చినా గేర్లు మారుతూ, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వేడెక్కుతుంది.

లెక్కకు ముందు కొలత సరిగా ఉండాలి. టైరు మీద 35 అంగుళాలని రాసి ఉన్నా, వాహనం బరువు పడిన తరువాత అది అంత వ్యాసమున్న టైరులా నడవదు. టైరు మీదా నేల మీదా సుద్దతో గీత పెట్టి, వాహనాన్ని తిన్నగా ఒక పూర్తి చుట్టు నడిపి, సాగిన దూరాన్ని 3.14తో భాగిస్తే లెక్కకు పనికొచ్చే వ్యాసం వస్తుంది. పాత టైరును విప్పక ముందే దాన్ని కూడా ఇలాగే కొలిచి పెట్టుకోవడం మంచిది.

ఇక సూత్రం తేలికైనది: పాత నిష్పత్తిని కొత్త వ్యాసంతో గుణించి, పాత వ్యాసంతో భాగించాలి. వాహనం 3.73 నిష్పత్తితో వచ్చి, టైరు 29 నుంచి 35 అంగుళాలకు మారిందనుకుంటే 4.50 వస్తుంది. గేర్లు సాధారణంగా 4.10, 4.56, 4.88, 5.13 వంటి అంకెల్లోనే దొరుకుతాయి కనుక దగ్గరిది 4.56. అయితే ఈ సూత్రం టైరు వ్యాసాన్ని మాత్రమే చూస్తుంది. టైర్ల అదనపు బరువు, వించ్ (ఇరుక్కున్న వాహనాన్ని తాడుతో లాగే యంత్రం), ఇనుప బంపర్లు, పైన కట్టే సామాను, పెరిగిన గాలి నిరోధం దానికి తెలియవు. ఇవన్నీ ఉంటే, ముఖ్యంగా చిన్న పెట్రోల్ ఇంజిన్ అయితే, ఒక మెట్టు పైకి వెళ్లి 4.88 తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. తక్కువ ఆర్‌పీఎమ్‌లోనే బలమిచ్చే డీజిల్‌కు 4.56 సరిపోవచ్చు.

నిర్ణయానికి ముందు రోడ్డు మీద ఆర్‌పీఎమ్ ఎంత ఉంటుందో చూడాలి. గంటకు కిలోమీటర్లలో వేగాన్ని, యాక్సిల్ నిష్పత్తిని, టాప్ గేర్ నిష్పత్తిని, 209ని కలిపి గుణించి, టైరు వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని భాగిస్తే అది తెలుస్తుంది. టాప్ గేర్ 0.80 అయితే, 100 కిలోమీటర్ల వేగంలో పాత టైర్లతో సుమారు 2150 ఉన్న ఆర్‌పీఎమ్, నిష్పత్తి మార్చకుండా 35 అంగుళాల టైరు వేస్తే 1780కి పడిపోతుంది, 4.56తో 2180కి, 4.88తో 2330కి చేరుతుంది. రాళ్లలో మెల్లగా పాకడం కోసమే అతి పెద్ద నిష్పత్తిని ఎంచుకునేవారు ఈ లెక్కను దాటవేస్తుంటారు. అలాంటి నడకకు ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు, వెనుక యాక్సిళ్లకు బలాన్ని పంచే గేర్ పెట్టె) వేగం తగ్గించి బలం పెంచే లో రేంజ్ ఉండనే ఉంది: మొదటి గేరు 4.0, లో రేంజ్ 2.72 అయితే 4.56తో మొత్తం నిష్పత్తి దాదాపు 50 అవుతుంది. అదీ చాలకపోతే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్లను మార్చడం మంచి దారి, ఎందుకంటే దాని వల్ల మామూలు రోడ్డు మీద వాడే హై రేంజ్‌లో ఆర్‌పీఎమ్ పెరగదు.

నిష్పత్తి పెరిగే కొద్దీ పినియన్ చిన్నదై, పళ్లు తగ్గి, బలహీనపడుతుంది; చిన్న యాక్సిల్‌లో 5.13 పెట్టించే ముందు ఈ సంగతి ఆలోచించాలి. కొన్ని యాక్సిళ్లలో ఒక హద్దు దాటిన నిష్పత్తికి డిఫరెన్షియల్ కేసునే (క్రౌన్ వీల్‌ను బిగించే లోపలి భాగం) మార్చవలసి ఉంటుంది కాబట్టి, రెండు వైపుల చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా బిగించే లాకర్ వేయించే ఉద్దేశం ఉంటే రెండు పనులూ ఒకేసారి చేయించడం లాభం. ఫోర్ వీల్ డ్రైవ్‌లో ముందు, వెనుక యాక్సిళ్లను తప్పక కలిపి మార్చాలి. నిష్పత్తులు వేరైతే గట్టి నేల మీద ఫోర్ వీల్ వేయగానే షాఫ్టులు, గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడి విరిగే ప్రమాదం ఉంది.

బిగింపు పని అనుభవమున్న మెకానిక్‌దే. పినియన్ లోతు, బేరింగ్ ప్రీలోడ్ (బేరింగ్ మీద ముందే పెట్టే బిగువు), బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండే సందు) తయారీదారు చెప్పిన కొలతలకు రావాలి. పళ్లకు రంగు పూసి తిప్పినప్పుడు పడే అచ్చును మీరూ అడిగి చూడండి. స్పీడోమీటర్ సెన్సర్ ట్రాన్స్‌ఫర్ కేసు వద్ద ఉంటే సరైన నిష్పత్తి వల్ల రీడింగ్ దాదాపు సరిపోతుంది. చక్రాల వద్ద ఉంటే టైరు కొలతను కంప్యూటర్‌లో మార్చాలి. కొత్త గేర్లతో మొదట కొద్ది దూరం నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనివ్వండి. తొలి 800 కిలోమీటర్ల వరకు ట్రైలర్ లాగకుండా ఉండి, ఆ తరువాత డిఫరెన్షియల్ ఆయిల్‌ను మార్పించండి.