టార్ రిలే నడిపినా నెలాఖరులో ఇంటి నెట్ స్లో కాకుండా

మిర్యాలగూడలో ఇంటి ఫైబర్ మీద, పాత ల్యాప్‌టాప్‌లో టార్ మిడిల్ రిలే నడుపుతున్నాను. టార్ అంటే నెట్ వాడేది ఎవరో తెలియకుండా వాళ్ల ట్రాఫిక్‌ను వాలంటీర్ల కంప్యూటర్ల (రిలేల) మీదుగా తిప్పి పంపే నెట్‌వర్క్. ఆ దారిలో మధ్యలో ఉండేదే మిడిల్ రిలే. నెల చివరికొచ్చేసరికి డేటా లిమిట్ దాటేది, స్పీడ్ పడిపోయేది. ఇంట్లో సీరియల్ గుండ్రంగా తిరుగుతుంటే అందరూ నా వైపే చూసేవాళ్లు.

టార్ సెట్టింగులుండే టార్‌ఆర్‌సీ (torrc) ఫైల్లో మూడు లైన్లు చేర్చాను. ‘అకౌంటింగ్‌మ్యాక్స్’ దగ్గర 1500 జీబీ, ‘అకౌంటింగ్‌స్టార్ట్’ దగ్గర మన బిల్లు మొదలయ్యే తేదీ (1 నుంచి 28 లోపే ఇవ్వాలి), ‘అకౌంటింగ్‌రూల్’ దగ్గర ‘సమ్’. అసలు కిటుకు ఈ మూడోదే. అది లేకపోతే 1500 అంటే వచ్చేది 1500, పోయేది 1500 వరకు వెళ్తుంది, కలిపి 3000 అయిపోతుంది. ‘సమ్’ పెడితే రెండూ కలిపి లెక్కిస్తుంది. కోటా అయిపోతే రిలే తనంతట తాను నిద్రపోతుంది, ఇంటి నెట్ మనకే.

బిల్లు తేదీ రాగానే లేవకపోయినా టెన్షన్ పడొద్దు. రిలేలన్నీ ఒకేసారి లేవకుండా టార్ కావాలనే టైమ్ మారుస్తుంది. మరీ పిసినారితనం కూడా వద్దు, నెలకు అటు 100 జీబీ, ఇటు 100 జీబీ అయినా ఇవ్వాలి. ఇంట్లో ఎగ్జిట్ రిలే (ట్రాఫిక్ టార్ నుంచి బయటి సైట్లకు వెళ్లే చివరి రిలే) మాత్రం పెట్టకండి.

మీ కనెక్షన్‌కు పబ్లిక్ ఐపీ (నెట్‌లో మీ సొంత అడ్రస్) లేకుండా నలుగురికీ కలిపి ఒకటే ఇస్తుంటే ఇది పనిచేయదు, బయటివాళ్లు మీ పోర్ట్‌కు చేరలేరు. అలాంటప్పుడు బ్రౌజర్‌లో స్నోఫ్లేక్ ఎక్స్‌టెన్షన్ (టార్‌ను బ్లాక్ చేసిన చోట్ల ఉన్నవాళ్లు టార్‌కు చేరేందుకు సాయపడేది) వేసుకోండి, దానికి పోర్ట్ తెరవక్కర్లేదు.