డెస్క్‌టాప్ స్వయంబోధిని – 4వ పాఠం: ర్యామ్ పెంచవలసిన అవసరం నిజంగా ఉందా?

గత పాఠంలో క్యాబినెట్ తెరిచి, మదర్‌బోర్డు మీద ప్రాసెసర్, ర్యామ్ స్లాట్లు, హార్డ్ డిస్క్ కేబుళ్లు ఎక్కడెక్కడ ఉంటాయో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఈ పాఠానికి స్క్రూడ్రైవర్ అవసరం లేదు; కాగితం, కలం, మీరు రోజూ చేసుకునే పని ఉంటే చాలు. కంప్యూటర్ నెమ్మదించిందని రిపేరు షాపులో చెప్పగానే చాలాచోట్ల మొదట వినిపించే సలహా ర్యామ్ (తెరిచి ఉన్న ప్రోగ్రాముల సమాచారం ఉండే తాత్కాలిక మెమొరీ) పెంచమనే. కొలిచి చూడకుండా ఆ సలహా పాటించడం ఎప్పుడూ మంచిది కాదు. 2025 చివరి నెలల నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఇప్పుడు మరీ మంచిది కాదు.

ర్యామ్ చాలనప్పుడు లోపల ఏం జరుగుతుందో ముందుగా తెలుసుకోవాలి. తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నిటికీ చోటు సరిపోనప్పుడు, విండోస్ కొంతసేపటిగా వాడని సమాచారాన్ని ర్యామ్‌లోనే కుదించి పెట్టడానికి ప్రయత్నిస్తుంది. అదీ చాలకపోతే డిస్క్ మీద ఉండే పేజ్ ఫైల్‌లోకి పంపుతుంది. మీరు మళ్లీ ఆ కిటికీ మీద క్లిక్ చేసినప్పుడు దాన్ని డిస్క్ నుంచి వెనక్కి తెచ్చుకోవాలి. ర్యామ్ నుంచి సమాచారం అందడానికి సుమారు 100 నానోసెకన్లు పడితే, పాత తరహా హార్డ్ డిస్క్ నుంచి అందడానికి సుమారు 10 మిల్లీసెకన్లు, అంటే దాదాపు లక్ష రెట్ల సమయం పడుతుంది. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని కొత్త తరహా డిస్క్) నుంచి అయితే సుమారు వెయ్యి రెట్లు. కాబట్టి ర్యామ్ కొరత మెల్లమెల్లగా తెలియదు. ఒక హద్దు వరకు అంతా సాఫీగా నడిచి, హద్దు దాటిన క్షణం నుంచి ప్రతి క్లిక్కూ భారమవుతుంది. ఇందులోనే రెండో సంగతి కూడా ఉంది: మీ పని ఆ హద్దుకు లోపలే ఉంటే, 8 జీబీని 32 జీబీ చేసినా మీకు తేడా దాదాపు కనిపించదు.

ఇక కొలత. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, పది నిమిషాలు ఆగి, మీ పనుల్లో అన్నిటికంటే బరువైన రోజు ఏమేం తెరుస్తారో అవన్నీ తెరవండి. ఖాళీగా ఉన్న కంప్యూటర్‌ను కొలిస్తే ఏమీ తెలియదు. అరగంట పని చేశాక, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్, ఆ కింద మెమొరీ తెరవండి. పెద్ద అక్షరాల్లో కనిపించే శాతాన్ని చూసి చాలామంది కంగారు పడతారు. నిజానికి ఆ శాతం మనకు అంతగా పనికిరాదు. ర్యామ్ ఎక్కువగా ఉన్నచోట విండోస్ దాన్ని ధారాళంగానే వాడుకుంటుంది, ప్రోగ్రాములూ అంతే. ‘క్యాష్డ్’ అనే అంకె పెద్దదిగా ఉన్నా దిగులు పడనక్కరలేదు. మళ్లీ అవసరం కావచ్చని విండోస్ దగ్గర ఉంచుకున్న ఫైళ్లవి, వేరే ప్రోగ్రాము అడిగితే వెంటనే ఆ చోటును ఖాళీ చేసి ఇస్తుంది.

మనం రాసుకోవలసినవి ‘అవెయిలబుల్’, ‘కమిటెడ్’ అనే రెండు అంకెలు. అవెయిలబుల్ అంటే ప్రోగ్రాములు అడిగితే వెంటనే ఇవ్వగలిగిన ర్యామ్. కమిటెడ్ దగ్గర గీతకు ఇటూ అటూ రెండు విలువలుంటాయి: మొదటిది ప్రోగ్రాములకు విండోస్ ఇస్తానని మాట ఇచ్చిన మొత్తం, రెండోది ర్యామ్, పేజ్ ఫైల్ కలిపితే వచ్చే పరిమితి. మూడో కొలత కోసం టాస్క్ మేనేజర్ నుంచే రిసోర్స్ మానిటర్ తెరిచి, మెమొరీ పేజీలో సెకనుకు ఎన్ని ‘హార్డ్ ఫాల్ట్స్’ వస్తున్నాయో చూడాలి. అవసరమైన సమాచారం ర్యామ్‌లో లేక డిస్క్ దగ్గరకు వెళ్లవలసి వచ్చిన సందర్భాల లెక్క అది; పేరును చూసి ఏదో చెడిపోయిందనుకోవద్దు. కొత్త ప్రోగ్రాము తెరిచేటప్పుడు అది ఒక్కసారి పైకి ఎగయడం సహజం. తెరిచి ఉన్నవాటి మధ్య తిరుగుతున్నప్పుడు కూడా వందల్లో నిలబడి ఉంటే మాత్రం అది కొరతే.

8 జీబీ ఉన్న ఒక కంప్యూటర్‌లో అవెయిలబుల్ 2.2 జీబీ, కమిటెడ్ 9/15.9, హార్డ్ ఫాల్ట్స్ సున్నాకు దగ్గరగా ఉన్నాయనుకుందాం. పైన శాతం 72 అని కనిపిస్తున్నా, కమిటెడ్ ర్యామ్‌ను దాటినా, దీనికి ర్యామ్ అక్కరలేదు. మాట ఇచ్చినదంతా ప్రోగ్రాములు వాడుకోవు. అదే కంప్యూటర్‌లో అవెయిలబుల్ 0.5 జీబీకి పడిపోయి, కమిటెడ్ 14/15.9కి చేరి, హార్డ్ ఫాల్ట్స్ ఆగకుండా వస్తుంటే ర్యామ్ పెంచవలసిందే. అవెయిలబుల్ కావలసినంత ఉన్నా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం మాత్రం 100 శాతం దగ్గర నిలిచిపోతే, ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ కొనుక్కోండి. పాత హార్డ్ డిస్క్ మీద విండోస్ 10 నడిపేవారిలో ఎక్కువమందికి కావలసింది ఇదేనని నా అభిప్రాయం. ప్రాసెసర్ 100 శాతంలో ఉంటే ఈ రెండూ అక్కరకు రావు. లినక్స్ వాడేవారికి ‘ఫ్రీ’ ఆదేశంలోని అవెయిలబుల్ నిలువు వరుస ఇదే సంగతి చెబుతుంది.

మన దగ్గర బాగా కనిపించే డీటీపీ (అచ్చు కోసం కంప్యూటర్ మీద పేజీలు కూర్చే) పనిని ఉదాహరణగా తీసుకుందాం. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0లో అను ఫాంట్లతో ఇప్పటికీ పెళ్లిపత్రికలు, కరపత్రాలు కూర్చేవారున్నారు. అది 32-బిట్ ప్రోగ్రాము. అటువంటివి మామూలుగా 2 జీబీకి మించిన మెమొరీని వాడుకోలేవు, కాబట్టి పేజ్‌మేకర్ ఒక్కదాని కోసం 16 జీబీ వేయించడం డబ్బు దండగ. అయితే పక్కన ఫోటోషాప్‌లో ఫ్లెక్సీ డిజైనూ, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులూ తెరిచి ఉంటే లెక్క మారుతుంది. ఫోటోషాప్ తన కొరతను తానే చెబుతుంది: కిటికీ అడుగున ఉండే సమాచారపు గడిలో ‘ఎఫిషియెన్సీ’ని ఎంచుకోండి, పని చేస్తుండగా అది 100 శాతం కంటే తగ్గితే ఫోటోషాప్ డిస్క్ మీద ఆధారపడుతోందని అర్థం.

పెంచాలని తేలినా, పెంచడానికి వీలుందో లేదో చూడాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి విండోస్ 32-బిట్‌దా, 64-బిట్‌దా చూడండి. 32-బిట్ అయితే 4 జీబీకి మించి పనికిరాదు, అందులోనూ కొంత తగ్గే కనిపిస్తుంది. ముందు విండోస్ మార్చాలి. టాస్క్ మేనేజర్‌లోని ‘స్లాట్స్ యూజ్డ్’ దగ్గర ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో ఉంటుంది. అన్నీ నిండి ఉంటే ఉన్నదాన్ని తీసి పెద్దది వేయాలి, ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది. మదర్‌బోర్డుకూ పరిమితి ఉంటుంది: ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ ఉన్న పాత బోర్డులు 16 జీబీకి మించి తీసుకోవు.

ఒక మినహాయింపు ఉంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నడిచే కంప్యూటర్‌లో ఒకే ర్యామ్ ఉంటే, పరిమాణం సరిపోతున్నా రెండోది చేర్చడం వల్ల మెమొరీ రెండు దారుల్లో పనిచేసి ఆటలు, వీడియో ఎడిటింగ్ కొంత వేగం పుంజుకుంటాయి. టైపింగుకూ లెక్కల పట్టికలకూ దీనివల్ల ఒరిగేది లేదు.

వచ్చే పాఠం లోపల, బరువైన పని ఉన్న వేర్వేరు రోజుల్లో అవెయిలబుల్, కమిటెడ్, హార్డ్ ఫాల్ట్స్, డిస్క్ శాతం రాసిపెట్టుకోండి. స్లాట్ల లెక్కనూ, పక్కనే కనిపించే స్పీడ్ అంకెనూ చేర్చండి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ర్యాములు ఒకదాని స్లాట్‌లో ఒకటి ఎందుకు పట్టవో, మీ బోర్డుకు సరిపోయేదాన్ని ఎలా ఎంచుకోవాలో 5వ పాఠంలో ఆ కాగితాన్ని ముందు పెట్టుకునే చూద్దాం.