పది ఆవుల మంద – నాలుగో పాఠం: ముందు ఆవు, ఆ తర్వాతే ఆబోతు

గత పాఠంలో అప్పగించిన పని చేశారా? జులై మధ్యాహ్నం మూడు గంటలకు చుట్టుపక్కల బీళ్ల వెంట తిరిగి, ఏ ఆవు ఎండలో మేస్తోందో, ఏ ఆవు చెట్టు కింద నిలబడి రొప్పుతోందో రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఈ పాఠంలో దానితో చాలా పని ఉంది.

కొత్తగా చేరినవారికి ఒక మాట. ఇది హ్యూస్టన్‌కు పడమర వైపున ముప్పై, నలభై ఎకరాలు కొనుక్కున్న తెలుగువాళ్ల కోసం రాస్తున్న పాఠం. మనలో చాలామంది భూమి పన్ను తగ్గుతుందని పశువుల్లోకి దిగినవాళ్లమే. గత ఏడేళ్లలో ఐదేళ్లు సేద్యంలోనో మేతలోనో ఉన్న భూమికే టెక్సస్‌లో ఆ వెసులుబాటు వర్తిస్తుంది కనుక, నాలుగు ఆవులను తోలి చేతులు దులుపుకుంటే కుదరదు. ఇక్కడ పెంచేవి మాంసం జాతులు. దూడను ఏడెనిమిది నెలలకు పాలు మాన్పించి వేలంలో అమ్ముతాం. ఆ మాట గొంతు దిగని వారు ఐదు నుంచి ఇరవై ఎకరాల వరకు తేనెటీగలతోనూ ఆ వెసులుబాటు పొందవచ్చని మొదటి పాఠంలోనే రాశాను.

ఈసారి నా తప్పుతో మొదలుపెడతాను, ఎందుకంటే జాతి ఎంపికలో చేయగలిగిన తప్పు దాదాపు మొత్తం నేను ఒక్క ఏడాదిలోనే చేశాను.

మొదట ఆంగస్ అనే మూపురం లేని మాంసం జాతి పెయ్యలను ఐదింటిని కొన్నాను. నల్లగా నిగనిగలాడుతూ, కొమ్ములు లేకుండా, సాధువుగా ఉన్నాయి. తర్వాత ఒక రైతు దగ్గర ఆబోతును చూశాను. బూడిద కలిసిన తెలుపు, మెడ దగ్గర నలుపు, వీపున గోపురం లాంటి మూపురం, నడుస్తుంటే ఊగే గంగడోలు. చూస్తూనే మా తాతగారి కొట్టం గుర్తొచ్చింది. బేరం కూడా సరిగా ఆడకుండా కొనేశాను. అది బ్రాహ్మన్ ఆబోతు, మన దేశపు పశువుల రక్తంతో అమెరికాలో తయారైన జాతి. దానిని ఆ ఐదు పెయ్యల మీదికి వదిలాను.

మరుసటి ఫిబ్రవరిలో, సన్నని వాన పడుతున్న రాత్రి, మొదటి పెయ్య ఈనడానికి పడుకుంది. రెండు గిట్టలు బయటికి వచ్చాయి. గిట్టలు చూడగానే అనుమానం వచ్చింది, అవి నా పిడికిలి కంటే పెద్దవి. గంట గడిచినా ముక్కు కనబడలేదు. పశువైద్యుడు వచ్చి, దూడ కాళ్లకు గొలుసులు వేసి, పెయ్య ముక్కినప్పుడల్లా కిందికి లాగుతూ, అది ఆగినప్పుడల్లా తానూ ఆగుతూ మరో గంట కష్టపడ్డాడు. దూడ దక్కలేదు. పెయ్య వెనక కాళ్లు పట్టుతప్పి రెండు రోజులు లేవలేకపోయింది. మిగిలిన నాలుగూ ఎలాగో ఈనాయి, కాని ఆ దూడలను వేలానికి తోలితే పెద్ద చెవులు, మూపురం చూసి కొనేవాళ్లు ధర కోసేశారు.

పక్క బీడు పెద్దాయన డెబ్బై దాటినవారు, ఈ నేల మీదే పుట్టి పెరిగిన మనిషి. కంచె మీద మోచేతులు ఆనించి అంతా విని, ఒక్క మాట అన్నారు. "ఆబోతు మంచిదే, ఆవులూ మంచివే. మీరు జత తిరగేశారు, అంతే."

ఆ మాటే ఈ పాఠానికి కీలకం.

బ్రాహ్మన్ ఆబోతును ఆంగస్ ఆవుకు దాటించినా, ఆంగస్ ఆబోతును బ్రాహ్మన్ ఆవుకు దాటించినా దూడలో రక్తం సగం సగమే. కాగితం మీద తేడా లేదు. కడుపులో మాత్రం చాలా తేడా ఉంది. బ్రాహ్మన్ తల్లి తన గర్భంలో దూడ పెరుగుదలను అదుపులో పెడుతుంది, తండ్రి ఎంత భారీ జాతి అయినా పుట్టే దూడ చిన్నగానే ఉంటుంది. ఆంగస్ తల్లికి ఆ అదుపు తక్కువ. పైగా ఆంగస్ ఆవు చూడి కాలం సుమారు 280 రోజులు, బ్రాహ్మన్‌ది 290 పైమాటే. బ్రాహ్మన్ తండ్రి అయితే ఆంగస్ కడుపులో దూడ అదనంగా కొన్ని రోజులు ఉండి, ఆ రోజుల్లో ఇంకా బరువెక్కుతుంది. తొలిచూలు పెయ్యకు అది ప్రాణాంతకం. కోడెదూడల విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ.

అందుకే ఈ ప్రాంతంలో మొదటి సూత్రం: మూపురం తల్లి వైపు నుంచి రావాలి.

మూపురం అసలు ఎందుకు కావాలి? మీ కాగితం చూడండి. మూడు గంటల ఎండలో మేస్తున్నది మూపురం ఆవే అయి ఉంటుంది. వదులైన చర్మం, పొట్టి వెంట్రుకలు, ఎక్కువ స్వేద గ్రంథులు ఉండడం వల్ల అది వేడిని సులువుగా వదిలించుకుంటుంది. పిడుదులు, ఈగలు కూడా దాన్ని తక్కువగా పీడిస్తాయి. పిడుదుల సంగతి ఇక్కడ చిన్నది కాదు. టెక్సస్ జ్వరం అనే పశువుల రోగం పిడుదు ద్వారానే పాకుతుందని థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే శాస్త్రవేత్తలు 1893లో తేల్చేవరకు ఈ రాష్ట్రం పశువులంటేనే ఉత్తరాది రైతులు దడుచుకునేవారు.

అమెరికా బ్రాహ్మన్‌లో మన వాటా ఎంతో తెలుసుకోవడం కూడా పాఠంలో భాగమే. 1854 నుంచి 1926 వరకు ఈ దేశానికి వచ్చినట్టు లెక్కకెక్కిన భారతీయ పశువులు మూడు వందల లోపే. వాటిలో ఆవులు పాతిక కూడా లేవు, మిగిలినవన్నీ ఆబోతులే. గుజరాత్ నుంచి కాంక్రెజ్, గిర్, దక్కన్ నుంచి కృష్ణా వ్యాలీ, మన దగ్గరి నుంచి ఒంగోలు. ఒంగోలును ఇక్కడా బ్రెజిల్‌లోనూ 'నెలోర్' అన్నారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అంతటి ఆబోతుల మందకు పాతిక ఆవులు ఏ మూలకు? స్థానిక ఆవుల మీదే తరాలపాటు దాటించి కొత్త జాతిని నిలబెట్టారు. కాబట్టి బ్రాహ్మన్ కూడా సంకరంతో మొదలైన జాతే. 1924లో దానికి ఒక సంఘం ఏర్పడింది. బ్రెజిల్ మరో దారి పట్టింది. 1960లలో కూడా మన వైపు నుంచి ఆబోతులను తీసుకెళ్లి, నెలోర్‌ను శుద్ధంగా పెంచింది. అక్కడ పేరు మోసిన 'కర్వది' ఆబోతు పేరు ఒంగోలు పక్కనున్న కరవది ఊరిదే. నేటి బ్రెజిల్ మాంసపు పశువుల్లో సింహభాగం ఆ రక్తమే.

ఇంత చెప్పింది మనసు కరగడానికి కాదు. నేను కరిగినందుకే ఒక దూడ పోయింది. మన ఒంగోలు గిత్తను దుక్కికి, బండకు, నడకకు ఎంచుకున్నారు. ఇక్కడ కొనేవాడికి అవేమీ అక్కర్లేదు. వాడికి మూపురం అంటే గట్టి మాంసం. అది ఉత్త అపోహ కాదు. మాంసం నిల్వలో మెత్తబడకుండా అడ్డుపడే కాల్పాస్టాటిన్ అనే ప్రొటీన్ ఈ జాతుల్లో ఎక్కువ చురుకుగా ఉంటుంది. సర్టిఫైడ్ ఆంగస్ బీఫ్ ముద్ర వేసేవాళ్లు రెండు అంగుళాలు మించిన మూపురం ఉన్న కళేబరాన్ని పక్కన పెట్టేస్తారు. ఎండకు మూపురం కావాలి, వేలంలో మూపురం కనబడకూడదు. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే మన పని.

పొత్తు ఇలా కుదురుతుంది. సగం బ్రాహ్మన్, సగం హియర్‌ఫర్డ్ (మూపురం లేని మరో మాంసం జాతి) అయిన ఆవును తీసుకోండి. ఒంటి మీద పులిచారలు ఉంటాయి కాబట్టి దాన్ని ఇక్కడ టైగర్ స్ట్రైప్ అంటారు. దానికి ఆంగస్ ఆబోతు. పుట్టే దూడలో బ్రాహ్మన్ పావు వంతే, మూపురం ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఆబోతులో ఎర్ర రంగు జన్యువు దాగి లేకపోతే దూడ నల్లగా పుడుతుంది. నలుపుకు వేలంలో గిరాకీ ఉంది.

ఇక లెక్క. వేర్వేరు జాతుల తల్లిదండ్రులకు పుట్టిన దూడ ఆ రెండు జాతుల సగటు కంటే మెరుగ్గా ఉండడాన్ని సంకర తేజం అంటారు. ఇది రెండు చోట్ల పనిచేస్తుంది. దూడ తానే సంకరమైతే బతికే శక్తి, పెరుగుదల మెరుగవుతాయి. తల్లి సంకరమైతే చూడి కట్టడం, పాలు, దూడను సాకడం మెరుగవుతాయి. మూపురం లేని జాతుల మధ్యనే అమెరికా వ్యవసాయ శాఖ చేసిన దీర్ఘకాల ప్రయోగాల్లో, ఆబోతుకు వదిలిన ఒక్కో ఆవుకు పాలు మాన్పించే నాటి దూడ బరువు ఈ రెండూ కలిసి సుమారు 23 శాతం పెరిగింది. అందులో పెద్ద వాటా సంకర తల్లిదే, దూడది తక్కువ. మూపురం జాతి కలిస్తే లాభం ఇంకా ఎక్కువ. ముందు ఆవు, తర్వాతే ఆబోతు అన్నది అందుకే.

పైన చెప్పిన జతలో దూడకు తండ్రి నుంచి వచ్చేదంతా ఆంగస్, తల్లి నుంచి వచ్చేది బ్రాహ్మన్ లేదా హియర్‌ఫర్డ్. ఎక్కడా ఒకే జాతి రెండుసార్లు కలవదు. తేజం నూటికి నూరు. తల్లి సగం బ్రాహ్మన్, సగం ఆంగస్ అయి, తండ్రి కూడా ఆంగస్ అయితే? తల్లి నుంచి వచ్చే సగంలో ఆంగస్‌తో ఆంగస్ కలుస్తుంది. దూడ తేజం యాభైకి పడిపోతుంది.

బ్రాంగస్ సంగతి అడుగుతారని తెలుసు. 3/8 బ్రాహ్మన్, 5/8 ఆంగస్‌తో స్థిరపరచిన జాతి అది. ఇదే పాళ్లలో బ్రాహ్మన్‌ను షార్ట్‌హార్న్ జాతితో కలిపి టెక్సస్‌లోని కింగ్ రాంచ్ అనే పెద్ద పశుక్షేత్రంవాళ్లు సాంటా గెర్ట్రూడిస్‌ను తయారుచేశారు, 1940లో అది కొత్త జాతిగా గుర్తింపు పొందింది. బ్రాంగస్‌తో బ్రాంగస్‌ను కలిపితే ఆంగస్‌కు ఆంగస్ తగిలే అవకాశం 5/8 ను 5/8 తో గుణిస్తే 25/64. బ్రాహ్మన్‌కు బ్రాహ్మన్ తగిలేది 9/64. రెండూ తీసేస్తే మిగిలేది 30/64, అంటే 47 శాతం తేజం. సగానికి కాస్త తక్కువ. కాని ఆవు, ఆబోతు ఒకటే జాతి, దూడలన్నీ ఒక్క పోత పోసినట్టుంటాయి, పెయ్యలను ఇంట్లోనే ఉంచుకోవచ్చు. వారాంతంలో మాత్రమే బీడుకు వచ్చే ఉద్యోగస్థుడికి నేను బ్రాంగసే చెబుతాను, లెక్క ఏమన్నా సరే.

టైగర్ స్ట్రైప్ దారిలో చిక్కు ఒకటే: పెయ్యదూడలను ఉంచుకోకూడదు. ఉంచుకుని ఈసారి చారొలే, ఆ పైసారి సిమెంటల్ అంటూ చేతికి దొరికిన ఆబోతునల్లా దాటించుకుంటూ పోతే, ఐదారేళ్లకు మంద కలగూరగంప అవుతుంది. దూడలు ఒక్కోటి ఒక్కో రంగు, ఒక్కో సైజు. వేలంలో జోడు కుదరని దూడలను విడివిడిగా తోలి విడివిడిగా నష్టపోతాం. దూడలన్నీ అమ్మేసి, ముసలి ఆవు స్థానంలో చూడి పెయ్యను బయట కొనుక్కోవడమే మేలు. ఖరీదు ఎక్కువే, కాని ఈ ఆవులు మంచి ఆయుష్షు గలవి, పది ఆవుల మందలో ఏటా కొనవలసింది ఒకటో అరో.

ఆవు ఎంత పెద్దదిగా ఉండాలి? చిన్నది కొనండి. ఆవు రోజుకు తన బరువులో సుమారు రెండున్నర శాతం ఎండు మేత తింటుంది. 1,400 పౌండ్ల ఆవుకు 35 పౌండ్లు, 1,100 పౌండ్ల ఆవుకు ఇరవై ఏడున్నర. పది పెద్ద ఆవులు తినే గడ్డితో పన్నెండు చిన్న ఆవులు బతుకుతాయి. పన్నెండు ఆవులకు పన్నెండు దూడలు. సంతలో పెద్ద ఆవు పక్కన నిలబడి ఫోటో దిగాలనిపించినప్పుడు ఈ లెక్క గుర్తుచేసుకోండి.

ఆబోతు గురించి మాట్లాడటానికి ఇప్పుడు పెద్దగా ఏమీ మిగల్లేదు. ఎదిగిన ఆబోతు పాతిక నుంచి ముప్పై ఆవులకు చాలుతుంది, పది ఆవుల కోసం దాన్ని ఏడాదంతా మేపడం దండగ. పొరుగువారితో వంతు వేసుకోండి, మూడు నెలలకు అద్దెకు తెచ్చుకోండి, లేదా కృత్రిమ గర్భధారణకు సూది వేయించండి. అద్దె ఆబోతు అయితే ట్రైకోమోనియాసిస్ పరీక్ష కాగితం చూడకుండా గేటు తీయవద్దు, అది దాటుడు ద్వారా అంటుకుని గర్భాలు పోగొట్టే రోగం. ఆంగస్ జాబితాల్లో 'సీఈడీ' అనే అంకె ఉంటుంది. తొలిచూలు పెయ్యలు సాయం లేకుండా ఈనే అవకాశం ఎంతో అది చెబుతుంది, ఎక్కువ ఉంటే మంచిది. పెయ్యలకు ఆ అంకె చూసి ఎంచండి. నాలుగైదు ఈతలు ఈనిన ఆవులకు దాని మీద అంత పట్టింపు అక్కర్లేదు.

వచ్చే పాఠానికి అభ్యాసం. ఒకటి: బ్రాంగస్ ఆవుకు హియర్‌ఫర్డ్ ఆబోతును దాటిస్తే దూడలో బ్రాహ్మన్ వాటా ఎంత, దూడ తేజం ఎంత? రెండు: మీ బీడులో ఇప్పుడున్న ఆవులు ఒక్కొక్కటి ఏ జాతులో, సుమారు ఎంత బరువో రాసి, అదే గడ్డికి 1,100 పౌండ్ల ఆవులు ఎన్ని పడతాయో లెక్క కట్టండి. మూడు: దగ్గరలోని వేలానికి ఒక రోజు వెళ్లి వెనక బల్ల మీద కూర్చోండి. ఒకే బరువున్న దూడల్లో చెవులు, మూపురం, రంగు మారినప్పుడు ధర ఎలా మారుతోందో ఇరవై దూడలకు రాసుకోండి. పాట పాడే నంబరు కార్డు మాత్రం తీసుకోవద్దు. మొదటిసారి వెళ్లిన రోజు నేను తీసుకున్నాను.